బ్యాండులో ఒకరిగా పాడు

మందస

చిరంజీవి అమ్మలుకు,



సినిమా పాటలు కొన్నాళ్లు పక్కన పెట్టి, జాజ్ వాళ్లతో కలిసి ఎనిమిది స్వింగ్ పాటలు రికార్డు చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో సంతోషం సగం, గాభరా సగం. చేతినిండా పాటలున్నప్పుడు ఇప్పుడిదెందుకని ఇంట్లో కొందరు అంటున్నారట. మద్రాసు స్టూడియోల్లో వయొలిన్ వాయించి వచ్చినవాణ్ణి కాబట్టి, నాతో ఓ మాట చెప్పించాలని మీ అమ్మ ఆలోచన. మానెయ్యమని మాత్రం నేను చెప్పను తల్లీ. చెయ్యి. తప్పకుండా చెయ్యి. ఎలా చెయ్యాలన్నదే నాకు ముఖ్యం, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే సగం మాటలు మరిచిపోతాను.

ముందు మీ అమ్మ గాభరా సంగతి. 1983లో అమెరికాలో లిండా రాన్‌స్టాట్ అనే గాయని ఇదే పని చేసింది. రాక్ పాటలతో, కంట్రీ పాటలతో దేశమంతా తెలిసిన మనిషి. ఉన్నట్టుండి పాతకాలపు పాటలు తీసుకుని, ఫ్రాంక్ సినాట్రాకూ నాట్ కింగ్ కోల్‌కూ వాద్యగోష్ఠి రాసిన నెల్సన్ రిడిల్ దగ్గరికి వెళ్లింది. కెరీర్ పాడైపోతుందని చుట్టూ ఉన్నవాళ్లు బెదిరించారు. ‘వాట్స్ న్యూ’ అనే ఆ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే ముప్పై లక్షలు దాటింది. ఆ తర్వాత ఆయనతోనే మరి రెండు చేసింది. మూడోది బయటికొచ్చేసరికి రిడిల్ లేడు, 1985లో పోయాడు. అమ్ముడుపోయిన లెక్క నేను చెప్పేది మీ అమ్మ కోసమే. నీ కోసం చెప్పేది వేరు: ఆమె ఆ పాటల దగ్గరికి సరదాకి వేషం మార్చుకోవడానికి వెళ్లలేదు, నేర్చుకోవడానికి వెళ్లింది. పేరున్న గాయకులు చేసిన స్వింగ్ ఆల్బమ్‌లు చాలా విన్నాను. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, అట్ట మీద ఫొటో దిగి, లోపల మాత్రం ఎప్పటిలాగే పాడేసినవి కొన్ని ఉన్నాయి. రెండో పాటకే తెలిసిపోతుంది.

ఇది మన తెలుగువాళ్ల పని కాదని ఎవరైనా అంటే నమ్మకు. మన ఉత్తరాంధ్రలోనే, సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టిన సంగీత దర్శకుడు రాజేశ్వరరావుగారు 1930ల చివర్లో కలకత్తా వెళ్లి, పంకజ్ మల్లిక్, సైగల్ వంటివాళ్ల సంగీతం దగ్గర కూర్చుని విన్నారు. మన పలాస మీదుగా పోయే హౌరా లైనే ఆ ఊరికి దారి. తర్వాత 1948లో వచ్చిన జెమినీ వాళ్ల ‘చంద్రలేఖ’కు మద్రాసులో ఆయన సంగీతం చేస్తే, లాటిన్ అమెరికా నడకలూ, వాల్ట్‌జూ, కర్ణాటక సంగీతమూ ఒకే సినిమాలో ఇమిడిపోయాయి. ఆ ఢంకాల నాట్యం నువ్వు చూసే ఉంటావు. బయటి వాద్యం ఎంత వచ్చినా పాట ఆయనదిగానే ఉండేది. ఆయన గాయకుడు కూడా కదా, గొంతుకు ఎక్కడ చోటు వదలాలో తెలుసు.

ఇక అసలు సంగతి. స్వింగ్ అంటే ఏమిటో నీకు చాలామంది చాలా రకాలుగా చెబుతారు. విజయనగరం కళాశాలలో నువ్వు నేర్చుకున్న భాషలోనే చెబుతాను. ఒక అక్షరకాలాన్ని తిశ్రగతిలో తకిట అని మూడు ముక్కలు చెయ్యి. ‘కి’ ని పలక్కు, లోపల మాత్రం లెక్కలో ఉంచు. మిగిలేవి త, ట. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. నడిమి వేగంలో స్వింగ్ నడక దాదాపు ఇదే. వేగం పెరిగేకొద్దీ ఆ రెండింటి తేడా తగ్గి సమానానికి దగ్గరపడుతుంది. ఈ తేడా ఎంతన్నది కాగితం మీద రాయరు. డ్రమ్స్ మనిషి రైడ్ సింబల్ మీద పుల్లతో చెబుతాడు. ఒక్కో డ్రమ్మర్‌ది ఒక్కో కొలత. అందుకే నీ మొదటి రిహార్సల్‌లో నువ్వు పాడకు. ఒక పూటంతా సింబల్ విను.

రెండో సంగతి మనవాళ్లకు కష్టమైనది. మనకు బలం సమం మీద. సభలో జనం చప్పట్లు కొట్టినా ఒకటి మీదే కొడతారు. ఆ సంగీతంలో నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ లేస్తాయి. డ్రమ్మర్ ఎడమకాలి కింద హై-హ్యాట్ మూసుకునేది అక్కడే. ఇంట్లో సాధన చేసేటప్పుడు మెట్రోనోమ్‌ను సగం వేగానికి పెట్టుకో. దాని టిక్కులను ఒకటి, మూడు అనుకోకుండా రెండు, నాలుగు అనుకుని పాడు. మొదట్లో కాళ్లకింద నేల జరిగిపోయినట్టుంటుంది. పట్టు వదలకు. నీ పాత సినిమా పాటే ఒకటి తీసుకుని రోజూ ఇలా పాడు. మెల్లగా ఒళ్లే లెక్క పట్టుకుంటుంది.

ఇప్పుడు సాహిత్యం. నీకు పాటలు రాసే అబ్బాయి ఎవరో నాకు తెలీదు. ఈ భాగం అతనికి చదివి వినిపించు. గురువు రెండు మాత్రలు, లఘువు ఒకటి. తకిటలో ‘కి’ మింగేస్తే మిగిలే లెక్క కూడా రెండూ ఒకటీ. ‘రామ’ అనే మాటలో ఆ నడక పుట్టుకతోనే ఉంది. మన రగడల్లో తిశ్రగతివి చూడమను, హయప్రచారం, తురగవల్గనం. పేర్లలోనే గుర్రం నడక ఉంది. మనవాళ్లు వందల ఏళ్ల కిందటే ఆ నడకను కొలిచి పెట్టారు. ఇంగ్లీషు పాట మీటరు మీద తెలుగు మాటలు అతికించొద్దని చెప్పు. పొట్టి అక్షరం మీద పొడుగు స్వరం పడితే మాట నలిగిపోతుంది, వినేవాడికి అర్థం తెగిపోతుంది.

గురువుల్లోనూ రకాలున్నాయి, అది నువ్వు చూసుకోవాలి. ‘వాన’ లో వా గురువు. అచ్చు సాగుతుంది, కావలసినంత నిలబెట్టొచ్చు. ‘పక్క’ లో ప గురువైనా సాగదు. అక్కడ గొంతు ఆగుతుంది, ఆ ఆగడమే లయ. ‘అమ్మ’ లో మకారం మీద ముక్కుతో నిలవచ్చు, అది ఈ సంగీతానికి ఎంత బాగుంటుందో పాడి చూడు. నీ ఎనిమిది పాటల కాగితాలు ముందేసుకుని ఏ గురువు సాగుతుందో, ఏది ఆగుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఈ పని నీ బదులు ఏ అరేంజరూ చెయ్యలేడు, వాళ్లకు తెలుగు రాకపోవచ్చు.

మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి పాదం చివర స్వరాన్ని వదలబుద్ధి కాదు. చిన్న గమకమో, జారో తగిలించి ముగించడం మనకు అలవాటు. స్వింగ్‌లో నువ్వు వదిలిన మరుక్షణం ట్రంపెట్లూ ట్రాంబోన్లూ అందుకుంటాయి. నువ్వు తోక వేలాడేస్తే వాళ్ల జవాబు నీ ప్రశ్న మీదే పడుతుంది. ఏ దెబ్బ మీద వదలాలో అరేంజర్‌ను అడిగి రాసుకుని, అక్కడే వదిలెయ్.

గమకం గురించి మరోమాట. ఆ సంగీతంలోనూ స్వరం వంగుతుంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఒకచోట వాళ్ల బ్లూ నోట్ ఉంటుంది. నీ గొంతు అక్కడికి ఇట్టే చేరుతుంది, చాలామంది పాశ్చాత్య గాయకులకన్నా నీకది సులువు. అందులోనే ప్రమాదం. కింద పియానో కదలని స్వరాలతో కార్డ్ పట్టుకుని ఉంటుంది. ప్రతి గాంధారాన్నీ నిషాదాన్నీ నువ్వు ఊపితే ఆ కార్డ్ ఏదో చెవికి తెలియకుండా పోతుంది. పాదానికి ఒక్కచోట చాలు. మిగతాచోట్ల స్వరాన్ని నిక్కచ్చిగా నిలబెట్టు. సుశీలమ్మ పాటలు మళ్లీ విను. విజయనగరంలో నేర్చిన శాస్త్రీయమంతా ఉన్నా, సినిమా పాటలో ఎంత తక్కువ వాడారో విను. ఆ పొదుపే నీకిప్పుడు కావాలి.

శ్రుతి సంగతి ముందే తేల్చుకో. మన సినిమాల్లో ఆడవాళ్ల పాట ఎప్పుడూ పైకి పెడతారు, నీకూ అదే అలవాటైంది. స్వింగ్ పాట మాట్లాడే స్థాయిలో ఉంటేనే బాగుంటుంది. నువ్వు మీ అమ్మతో వంటింట్లో మాట్లాడే గొంతులో. అరేంజ్‌మెంట్ రాయకముందే అరేంజర్‌తో కూర్చుని పాటపాటకూ శ్రుతి ఖాయం చేసుకో. పదమూడు మంది ఊదే వాద్యాలకు రాసిన తర్వాత శ్రుతి మార్చమంటే అంతా మళ్లీ రాయాలి. ఎత్తు మారితే శాక్సఫోన్ల రంగే మారిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు గురించి చెబుతాను. నాట్ కింగ్ కోల్ మొదట జాజ్ పియానో మనిషి. పియానో, గిటార్, బాస్ ముగ్గురే ఉండే బృందంతో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత గాయకుడిగా ప్రపంచమంతా ఎరిగిన మనిషయ్యాడు, వెనక పెద్ద పెద్ద వయొలిన్ బృందాలు చేరాయి. అలాంటివాడు 1956లో మళ్లీ పియానో ముందు కూర్చుని, చిన్న బృందంతో కొన్ని పాటలు చేశాడు. ఒక్కో రికార్డింగుకు ఒక్కో అతిథి. ట్రంపెట్ హ్యారీ ఎడిసన్, ఆల్టో శాక్సఫోన్ విల్లీ స్మిత్, ట్రాంబోన్ హువాన్ టిజోల్, వయొలిన్ స్టఫ్ స్మిత్. ‘ఆఫ్టర్ మిడ్‌నైట్’ అని మరుసటి ఏడు వచ్చింది. వయొలిన్ మనిషిని కాబట్టి స్టఫ్ స్మిత్ ఉన్న పాటలు నేను అరిగిపోయేలా విన్నాను. కమాను అంత దురుసుగా పట్టి అంత తీయగా వాయించడం ఎలాగో నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. నువ్వు గమనించవలసింది మాత్రం కోల్‌ని. అంత పేరున్న గొంతు, పాదం పాడి ఆగిపోతుంది. ఆ ఖాళీలోకి వయొలిన్ వస్తుంది. అది ముగిసేదాకా తొందరపడడు. మళ్లీ వచ్చేటప్పుడు వయొలిన్ చెప్పిన మాట విన్నవాడిలా వస్తాడు.

మన ఉద్దానంలో కొబ్బరి మొక్కకూ మొక్కకూ మధ్య పాతిక అడుగులు వదులుతాం. దగ్గరగా నాటితే రెండూ కాపుకు రావు. నీ పాదానికీ పాదానికీ మధ్య ఖాళీని అలాగే వదులు.

సినిమా పాటలో బిట్లు ముందే రాసి ఉంటాయి, నువ్వు లేకపోయినా అవి అలాగే వస్తాయి. ఇక్కడ పాట ముప్పై రెండు బార్లు అనుకో. ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు, మూడోది వేరే దారిలో పోతుంది. నువ్వు ఒకసారి పాడాక అదే కార్డుల మీద శాక్సఫోన్ మనిషి అప్పటికప్పుడు కల్పించి వాయిస్తాడు. అప్పుడు నువ్వు ఫోన్ చూసుకుంటూ కూర్చోకు. లోపల పాట పాడుకుంటూ, అతనెక్కడున్నాడో లెక్కలో ఉంచుకుని నిలబడు. తిరిగి అందుకోవలసిన చోటు నీకు ఎవరూ సైగ చేసి చెప్పకూడదు. అతని చివరి మాట ఏదో పట్టుకుని దానికి ఆనుకుని మొదలుపెట్టగలిగితే, ఆ రోజు నీకు స్వింగ్ వచ్చినట్టు.

స్వరకల్పన నీకు బాగా వచ్చు కాబట్టి, స్కాట్ (మాటల్లేకుండా ఉత్త అక్షరాలతో కల్పించి పాడడం) పేరుతో ఎనిమిది పాటల్లోనూ దంచేద్దామనిపిస్తుంది. ఒక్కదాన్లో చాలు. ఎల్లా ఫిట్జెరాల్డ్ అంతటి ఆవిడ కూడా 1956లో కోల్ పోర్టర్ రాసిన పాటలు చేసినప్పుడు ఎక్కువగా పాటను పాటగానే పాడింది, విను.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. బ్యాండుతో కలిసి ఒకే హాల్లో, ఒకేసారి పాడు. మేము మద్రాసులో చేరిన కొత్తలో పాట అలాగే రికార్డయ్యేది. వయొలిన్లు ఒకవైపు, తబలా ఢోలక్ ఒకవైపు, గాయకులు మైకు ముందు, ఒక్క టేకు. ఎవరు తప్పినా అందరూ మొదటినుంచి. అందుకే ఒకరినొకరు అంతలా వినేవాళ్లం. తర్వాత ట్రాకులొచ్చాయి. నువ్వు పాడిన పాటల్లో ఎన్నింటికి వాద్యకారుల మొహం చూశావు? క్లిక్ చెవిలో పెట్టుకుని ఒంటరిగా పాడి వచ్చేశావు. అది నీ తప్పు కాదు, పని అలా మారింది. స్వింగ్‌కు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. బాస్ వేళ్లకూ నీ మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడాలోనే అందమంతా ఉంది. ఆ తేడా ఇద్దరూ ఒకరినొకరు వింటూ కలిపి చేసేది. క్లిక్ పెడితే అది పోతుంది. ఖర్చు పెరుగుతుందని నిర్మాత అంటాడు. ఎనిమిది పాటలకు బదులు ఆరు చెయ్యి, కానీ కలిసి చెయ్యి.

విడిగా చేసి నెగ్గినవాళ్లు లేకపోలేదు. రోజ్‌మేరీ క్లూనీ అనే పేరున్న గాయని 1956లో డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో ‘బ్లూ రోజ్’ చేసింది. అప్పుడామె గర్భవతి, న్యూయార్క్ వెళ్లలేని స్థితి. బృందం అక్కడ వాయించి రికార్డు చేస్తే, ఆమె లాస్ ఏంజెలస్‌లో దాని మీద పాడింది. అయితే ఎలింగ్టన్ తన కుడిభుజం లాంటి బిల్లీ స్ట్రేహార్న్‌ను ఆమె దగ్గరికి పంపాడు. అతను పక్కనుండి పాటపాటనూ ఆమెకు దగ్గర చేశాడు. అంటే బ్యాండు దగ్గరికి ఆమె వెళ్లలేకపోతే, బ్యాండు మనసు తెలిసిన మనిషే ఆమె దగ్గరికి వచ్చాడు. నీకా ఇబ్బంది లేదు కదా. నువ్వే వెళ్లు.

ఇంకో సంగతి మీ అమ్మ చెప్పింది. ఆల్బమ్‌లో మన ప్రాంతం వాసన ఉండాలని నిర్మాత తప్పెటగుళ్లు, జముకు కూడా పెట్టమన్నాడట. నాకు తప్పెటగుళ్లంటే ప్రాణం. ఛాతీకి రేకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని యాదవులు గుంపుగా ఎగిరి పడుతుంటే ఒళ్లు ఊగనివాడు ఈ జిల్లాలో ఉండడు. జముకు తీగ లాగి మీటినప్పుడు స్వరం జారి పైకి పోయే తీరు వింటే బాస్ మనిషి తన వాద్యం కింద పెట్టి వస్తాడు. కానీ రెండు నిమిషాల రుచికోసం తెచ్చి, యంత్రంలో ముక్కలు కోసి వాడేటట్టయితే వద్దని చెప్పు. వాళ్లు రావాలంటే వాద్యకారులుగా రావాలి. రిహార్సల్‌కు రావాలి, డ్రమ్మర్‌తో కూర్చుని ఒకరి నడక ఒకరు నేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానంగా డబ్బు తీసుకోవాలి. అందుకు టైము లేకపోతే ఈ ఆల్బమ్‌లో వద్దు. మన వాసన నీ తెలుగులోనే ఉంటుంది.

నీ గొంతు గురించి భయపడకు. 1983లో పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పధ్నాలుగేళ్ల వయసు. జాజ్ వాళ్ల ముందు జాజ్ వాయించాలని చూడలేదు, తనకొచ్చిన కృతులే వాయించాడు. అక్కడివాళ్లు నిర్ఘాంతపోయి విన్నారు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ లో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ఏళ్లతరబడి వాయించాడు కదా, ఆ రికార్డుల్లో అతను ఎదుటివాళ్లను ఎలా వింటాడో చూడు. తనది తనకు గట్టిగా ఉంది కాబట్టే అంత శ్రద్ధగా వినగలిగాడు. 2014లో నలభై ఐదేళ్లకే పోయాడు, తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. నువ్వూ నీది వదులుకోకు. ఇంగ్లీషు గాయకుల యాస తెచ్చిపెట్టుకుని తెలుగును నమలకు. ళ ని ళ గానే పలుకు, ఒత్తులు ఒత్తులుగానే ఉండనీ.

చివరిగా, నువ్వు సంతకం పెట్టే ముందు చూసుకోవలసిన పని. మా కాలంలో వందల పాటల్లో వాయించిన వాళ్ల పేర్లు ఏ రికార్డు మీదా లేవు. ఫలానా పాటలో ఆ వేణువు ఎవరిదని ఇప్పుడడిగితే చెప్పేవాళ్లు కూడా పోతున్నారు. నీ ఆల్బమ్‌లో ప్రతి పాట కిందా వాయించిన ప్రతివాడి పేరు, వాద్యం, సోలో ఎవరిదో, అరేంజ్‌మెంట్ ఎవరిదో తెలుగులో రాయించు. కాంట్రాక్టులోనే ఆ వాక్యం పెట్టించు, మాట మీద వదలకు. పాట పెట్టే యాపుల్లో కూడా ఆ పేర్లు చేరాలని విడిగా అడుగు, అడక్కపోతే చేర్చరు.

పాటల శ్రుతులు ఖాయమయ్యాక ఆ కాగితం, బాస్ మనిషి ఫోన్ నంబరు నాకు పంపు. ఆయనతో కాసేపు మాట్లాడాలి. మీ అమ్మకు మందస కోవా ఇచ్చి పంపుతున్నాను. రికార్డింగు అయ్యేదాకా నువ్వు ముట్టుకోకు, గొంతుకు మంచిది కాదు.

ఆశీస్సులతో,
మావయ్య